పదడుగుల తలుపు

వేపరాళ్ల మునిసిపాలిటీ చైర్మన్ చెన్నకేశవులుకు నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు. ఐదో రోజు పొద్దున్నే చంకలో ఒక ఫైలు పెట్టుకుని గురువు దగ్గరికి నడిచి వచ్చాడు.

గురువు నాగలింగాచారి వడ్రంగి. తలుపులు, కిటికీలు చేస్తాడు. ఆయనది అచల మార్గం. గుడి లేదు, విగ్రహం లేదు, కాషాయం లేదు. ఊరి చివర రేకుల కొట్టంలో పొద్దంతా పని చేసుకుంటాడు. శిష్యులు ఓ ముప్పై మంది దాకా ఉంటారు. ఎవరైనా వచ్చి బ్రహ్మమంటే ఏమిటని అడిగితే, చేతికి గరుకు కాగితం ఇచ్చి పక్కనున్న చెక్కను నున్నగా రుద్దమంటాడు. సగం మంది విసుక్కుని వెళ్లిపోతారు. మిగతా సగం మంది మళ్లీ వస్తారు.

ఎరువుల కొట్టు నడుపుకునే చెన్నకేశవులు ఆ రెండో సగంలోని వాడు. పదేళ్ల శిష్యరికం. చైర్మన్ అయ్యాక రావడం తగ్గింది గానీ, కష్టం వస్తే కాళ్లు అటే నడిచేవి.

"ఏమి నాయనా, మొగం అట్ల పీక్కపోయింది?" అన్నాడు గురువు, చిత్రిక పట్టడం ఆపకుండానే.

"ఊరికి ఒక పథకం వచ్చింది స్వామీ. పది కోట్ల పార్కు. ఏడు కోట్లు ప్రభుత్వం ఊరికే ఇస్తుంది. మూడు కోట్లు మనం పెట్టుకోవల్ల."

"ఏముంటుంది పార్కులో?"

"పాట వస్తాంటే దానికి తగినట్టు నీళ్లు ఎగురుతాయి స్వామీ. రంగురంగుల దీపాలు. సాయంత్రమైతే జనం చూడొచ్చు."

వేపరాళ్లలో కొళాయి నీళ్లు నాలుగు రోజులకొకసారి వస్తాయి. గురువు ఆ మాట అనలేదు. చిత్రిక పక్కన పెట్టి, చెక్క అంచును వేలితో తడిమి చూసుకున్నాడు.

"మన మూడు కోట్లు ఉండాయా?"

"యాడివి స్వామీ? బ్యాంకు ఇస్తామంటాండాది. ఇప్పటికే ఎనిమిది కోట్ల అప్పుంది. ఊరు ఊడ్చేవాళ్లకు నాలుగు నెలల జీతం నిలబడిపోయింది. పదో తేదీ లోపల తీర్మానం చేసి పంపకపోతే పథకం పక్క ఊరికి పోతుంది. ఊరికే వచ్చే ఏడు కోట్లు కాలదన్నుకున్నాడని జనం నవ్వరా? మీరే చెప్పండి. సంతకం పెట్టేదా, వద్దా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ ఎనిమిది కోట్ల అప్పులో కొంత భాగం ఒక బండిది. రోడ్లు ఊడ్చే బండి. మూడేళ్ల కిందట అదీ ఇదే లెక్కన వచ్చింది, ఏడు వంతులు ప్రభుత్వానివి, మూడు వంతులు మనవి. బండి వెడల్పు ఎనిమిదడుగులు. వేపరాళ్ల సందులు ఆరూ, ఏడూ. మొదటి రోజు దండలు వేసి, గుమ్మడికాయ కొట్టి, మేళంతో బజారు సందులోకి నడిపించారు. బండి ఒక కిరాణా అంగడికీ కరెంటు స్తంభానికీ మధ్య ఇరుక్కుంది. వెనక్కి లాగేసరికి మధ్యాహ్నం దాటింది. ఊళ్లో అది తిరగగలిగిన రోడ్డు ఒక్క హైవేనే. దాన్ని ఊడ్చే పని మునిసిపాలిటీది కాదు.

అప్పటినుంచి బండి ఆఫీసు ఆవరణలో టార్పాలిన్ కప్పుకుని నిద్రపోతోంది. డ్రైవరుకు జీతం, బండికి బీమా, బ్యాంకుకు వడ్డీ మాత్రం మేలుకునే ఉన్నాయి. అమ్మేద్దామని చెన్నకేశవులు అనుకోకపోలేదు. కానీ బండి పక్క రేకు మీద ఆయన బొమ్మ ఉంది, నిలువెత్తున, నమస్కారం పెడుతూ. ఆ బొమ్మను వేలంపాటలో నిలబెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. పరువు గల మనిషి. పరువు నిలుపుకోవడానికి నెలకు అరవై వేలు మునిసిపాలిటీ సొమ్ము ఖర్చవుతోందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

గురువు ఫైలు వైపు చూడను కూడా చూడలేదు.

"మీ ఇంటి వీధి తలుపుకు చెదలు పట్టిందంటివే. మార్చినావా?"

"యాడ తీరింది స్వామీ?"

"అయితే ఇట్ల రా."

కొట్టం వెనక గోడకు గోనె పట్టాలు కప్పిన తలుపు ఒకటి ఆనించి ఉంది. గురువు పట్టాలు తీశాడు. రెండు రెక్కలు, బర్మా టేకు, పదడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. రెక్క రెక్కకూ లతలు, లతల్లో చిలకలు. గ్రానైటు వ్యాపారి ఒకాయన కట్టుకుంటున్న మేడ కోసం గురువు ఏడాది పాటు చెక్కిన తలుపది. మేడ పూర్తికాకముందే అన్నదమ్ములు విడిపోయారు. తలుపు ఇక్కడే ఉండిపోయింది.

"నీకు ఇస్తాండా. ఊరికే తీసుకుపో. బిగించుకునే ఖర్చు మటుకు నీది."

చెన్నకేశవులుకు కళ్లు చెమర్చాయి. ముప్పై మంది శిష్యుల్లో ఇంకెవరికీ గురువు చేతిపని దక్కలేదు. వంగి కాళ్లకు మొక్కాడు. తాను అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదన్న సంగతే మరిచిపోయాడు. ఫైలు కూడా బల్ల మీదే మరిచిపోతుంటే గురువు కేకేసి ఇచ్చాడు.

తలుపు ఇల్లు చేరడానికి ఒక లారీ, ఎనిమిది మంది హమాలీలు కావలసి వచ్చారు. దించేసరికే ఆరు వేలు చెల్లిపోయాయి. చెన్నకేశవులు భార్య ఈశ్వరమ్మ బయటికొచ్చి తలుపును కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత తన ఇంటి వాకిలిని చూసింది.

"కొలత చూసుకోలేదా?"

"గురువుగారు ఇచ్చినారు."

"అదే అడుగుతాండా. కొలత చూసుకోలేదా అని."

మేస్త్రీ దస్తగిరిని పిలిపించారు. ఆయన టేపు తీసి అటూ ఇటూ కొలిచి, చెవి వెనక పెన్సిలు తీసి, గోడ మీదే లెక్క రాశాడు.

"వాకిలి ఎత్తు ఆరున్నర అడుగులే సార్. పైన లింటల్ పగలగొట్టల్ల. లింటల్ పోతే సజ్జ నిలవదు. సజ్జ తీస్తే దాని మీదుండే నీళ్ల ట్యాంకు జరపల్ల. మొత్తం రెండు లక్షల ఎనభై వేలు."

చెన్నకేశవులు మనసులో లెక్క కట్టాడు. వ్యాపారం చేసే బుర్ర.

"తలుపు ఖరీదు ఎట్ల లేదన్నా నాలుగు లక్షలుంటుంది. రెండు లక్షల ఎనభై పోయినా మనకు లక్షా ఇరవై వేలు మిగిలినట్టే కదా."

"యాడ మిగిలినాయి? చూపించు," అంది ఈశ్వరమ్మ.

చూపించలేకపోయాడు. కానీ ఆమె గాజులు అడిగాడు, బ్యాంకులో పెట్టడానికి.

"ఊరికే వచ్చిన తలుపుకు నా గాజులేంటికి?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆయన ఎరువుల కొట్టు మీద అప్పు తెచ్చాడు.

మూడో రోజుకు గోడ పగిలింది. సజ్జ దిగింది. ట్యాంకు జరిగింది, దాంతో ఇంట్లో కొళాయిలు ఆగిపోయాయి. వీధిలో మేకలు తిన్నగా వసారాలోకి వచ్చి ఈశ్వరమ్మ ఆరబెట్టిన బియ్యం రుచి చూసి పోయేవి. ఆమె పొయ్యి దగ్గర కూర్చుంటే బస్సు కోసం నిలబడ్డ వాళ్లంతా ఏం కూర వండుతోందో చూసేవారు. ఒకావిడ చింతపండు ఎక్కువైందేమో అని కూడా అడిగింది. ఈశ్వరమ్మ ఆ రోజు భర్తతో మాట్లాడలేదు.

ఐదో రోజు దస్తగిరి తల గోక్కుంటూ వచ్చాడు. ఆ తలుపు బరువుకు పాత గోడ చాలదట. రెండు వైపులా స్తంభాలు పోయాలట. ఇంకో అరవై వేలు.

"ముందే చెప్పొద్దా?"

"గోడ పగలగొడితే గదా సార్ లోపల ఏముందో తెలిసేది."

మళ్లీ అప్పు తెద్దామా అని చెన్నకేశవులు ఆలోచిస్తూనే ఉన్నాడు. రెండు లక్షల ఎనభై ఖర్చు పెట్టాక అరవై వేల దగ్గర ఆగిపోతే ఆ రెండు లక్షల ఎనభై వృథా కాదా అని తనకు తానే చెప్పుకుంటున్నాడు. ఈ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. మునిసిపల్ సమావేశాల్లో తాను చెప్పే మాటే అది. కానీ ఆ ఆలోచన వచ్చినంత తొందరగానే పోయింది.

ఆరో రోజు పొద్దున ఓబుళమ్మ వచ్చింది. ఊరు ఊడ్చే ముప్పై ఆరు మందికి ఆమె పెద్ద. వెనక ఇంకో పది మంది ఉన్నారు. చీపుళ్లు భుజాన వేసుకుని నేరుగా పని మీద నుంచే వచ్చారు. తీర్మానానికి ఇంకా రెండు రోజులుంది. జీతం సంగతి అడుగుతారని చెన్నకేశవులుకు తెలుసు. కొత్త పథకం డబ్బు వస్తే అందులో సర్దుతానని చెప్పడానికి మాట సిద్ధం చేసుకున్నాడు. అందులో సర్దడానికి వీల్లేదని ఆయనకూ తెలుసు.

ఓబుళమ్మ జీతం మాట ఎత్తలేదు. పగిలిన వాకిలి ముందు నిలబడి పైకి చూసింది, పక్కకు చూసింది. గోడకు ఆనించిన తలుపును చూసింది. ఆ కంత లోపలికి రెండు అడుగులు వేసి, మళ్లీ బయటికొచ్చింది.

"చైర్మన్ సారూ, ఇది ఎన్నడుగులుంటుంది?"

"స్తంభాలకు తీసింది కూడా కలిపితే వెడల్పు ఎనిమిదిన్నర," అన్నాడు దస్తగిరి, ఆయన బదులుగా.

"అట్లనా." ఆమె వెనక్కి తిరిగి తన వాళ్లతో అంది, "మన ఊడ్చే బండి పట్టే చోటు ఊర్లో ఇన్నాళ్లకు ఒకటి దొరికింది. సారు ఇల్లు."

పది మందీ నవ్వారు. దస్తగిరి నవ్వాపుకోలేక తాపీ కింద పడేసుకున్నాడు. లోపల పొయ్యి దగ్గర ఈశ్వరమ్మ కూడా నవ్వింది, వారం రోజుల తర్వాత మొదటిసారి.

చెన్నకేశవులుకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే వాకిలి వైపు చూశాడు, ఏదో అనబోయాడు. చూపు అక్కడే నిలిచిపోయింది. పదడుగుల తలుపు. ఆరున్నర అడుగుల ఇల్లు. ఎనిమిదడుగుల బండి. ఏడడుగుల సందు.

నవ్వు ఆగింది. ఓబుళమ్మ అప్పుడు మెల్లగా అంది. "అంగట్లో బియ్యం అరువియ్యడం మానేసినారు సారూ. నాలుగు నెల్లు చూసినారు వాళ్లు మటుకు. ఇంకెన్నాళ్లని చూస్తారు?"

సిద్ధం చేసుకున్న మాటను చెన్నకేశవులు పక్కన పెట్టేశాడు.

"నెల లోపల ఇస్తాను ఓబుళమ్మా. అప్పు తెచ్చి కాదు," అన్నాడు. ఎలా ఇస్తాడో ఆయనకు ఆ క్షణాన సగమే తెలుసు.

వాళ్లు వెళ్లాక దస్తగిరి వైపు తిరిగాడు.

"దీన్ని ఎప్పట్లాగా కట్టాలంటే ఎంతవుతుంది?"

"ట్యాంకూ సజ్జా కలిపి నలభై వేలు."

"కట్టు."

రెండు రోజుల తర్వాత సమావేశంలో పార్కు తీర్మానం వచ్చింది. చెన్నకేశవులు వద్దన్నాడు. సభ్యులు గోల చేశారు. పక్క ఊరు ఎగరేసుకుపోతుందన్నారు. ఏడు కోట్లు వద్దనే వెర్రివాడు భూమ్మీద ఉంటాడా అని ఒకాయన బల్ల చరిచాడు.

"కొళాయిలో నీళ్లు రోజూ వచ్చినాక ఎగరేద్దాంలే అన్నా," అన్నాడు చెన్నకేశవులు.

ఆ మాటకు వెనక వరసలో ఉన్న మహిళా సభ్యులు ఐదుగురూ ఒకేసారి ఆయన వైపు చేయెత్తారు. వాళ్ల ఇళ్లలోనూ బిందెలు వరసలో ఉన్నాయి మరి. రెండు ఓట్ల తేడాతో తీర్మానం పడిపోయింది.

ఆ సాయంత్రమే గురువు దగ్గరికి వెళ్లాడు. గురువు ఒక చిన్న కిటికీకి రెక్కలు బిగిస్తున్నాడు.

"స్వామీ, తలుపు పట్టలేదు."

"తెలుసు."

"మీరే మళ్లీ తీసుకోండి."

"ఇచ్చింది తీసుకోను. అమ్ముకో."

చెన్నకేశవులు ఇబ్బందిగా కదిలాడు. "మీరిచ్చింది అమ్ముకుంటే తోటి శిష్యులు నవ్వుతారు స్వామీ." అసలు మాట అది కాదని ఆయనకే తెలిసింది. "ఆఫీసులో ఉండే ఆ బండి కూడా అమ్మల్లనుకుంటాండా. దాని మీద నా బొమ్మ ఉంది. వేలం పెడితే ఊరంతా నవ్వుతుంది."

గురువు మరమేకు తిప్పడం ఆపాడు.

"నవ్వితే నీకెంత ఖర్చు?"

చెన్నకేశవులు జవాబు చెప్పబోయాడు. ముప్పై ఏళ్లుగా లెక్కలు వేసిన మనిషి, ఏ ఖర్చయినా నోటితోనే కట్టి చెప్పగలడు. ఈ ఖర్చు ఎంతో తేల్చలేకపోయాడు. గురువు గరుకు కాగితం ఇచ్చాడు. చీకటి పడేదాకా ఒక చెక్కను రుద్ది, లేచి వెళ్లాడు.

తలుపును హైవే మీద కొత్తగా హోటలు కడుతున్నాయన మూడు లక్షల ముప్పై వేలకు కొన్నాడు. కొట్టు మీద తెచ్చిన అప్పు తీరింది. తోటి శిష్యులు నవ్వారు. ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి మరీ నవ్వారు. ఈశ్వరమ్మ వాళ్లకు కాఫీ ఇచ్చింది.

బండి అమ్మడానికి పై నుంచి అనుమతి రావడానికి మూడు వారాలు పట్టింది. వేలంపాట ప్రకటన రాసి గుమాస్తా చైర్మన్ ముందు పెట్టాడు. అంతా పద్ధతిగా ఉంది. బండి వివరాలు, తేదీ, ధరావతు. కింద "అమ్మకానికి కారణం" అని ఒక గడి ఉంటే అందులో "సాంకేతిక కారణముల వలన" అని ముచ్చటైన దస్తూరీతో రాశాడు. మునిసిపాలిటీలో ఏ తప్పు జరిగినా ఆ మూడు మాటలే రాస్తారు. వాటికి అర్థం ఏమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

చెన్నకేశవులు కలం తీసి ఆ మూడు మాటలూ కొట్టేశాడు. పైన తన చేత్తో రాశాడు: "కొనేముందు సందులు కొలవలేదు."

గుమాస్తా చదివి బెంబేలెత్తాడు. "సార్, దీని కింద సంతకం ఎవరిదని పెట్టల్ల?"

"నాదే. కొలవంది నేనే కదా."

ప్రకటన ఆఫీసు బయటి బోర్డుకు అంటించారు. టార్పాలిన్ తీశారు. నమస్కారం పెడుతున్న చైర్మన్ నిలువెత్తు బొమ్మ మూడేళ్ల తర్వాత ఎండ చూసింది. మొదటి రోజు పాతిక మంది వచ్చి చదివారు, రెండో రోజు వంద మంది. సంతలో, బస్టాండులో, క్షవరం అంగట్లో అదే మాట. చదివిన వాళ్లు చదవని వాళ్లకు చెప్పి, ఇద్దరూ కలిసి మళ్లీ చదవడానికి వచ్చేవారు. కిటికీ లోంచి ఆ నవ్వు వినపడినప్పుడల్లా చెన్నకేశవులుకు చెవులు మండేవి. మూడో రోజుకు కాస్త తగ్గింది. నాలుగో రోజు ఒక ముసలాయన బొమ్మకు ఎదురు నమస్కారం పెట్టి "కొలిచినావా నాయనా?" అని అడిగితే, లోపల కూర్చున్న చెన్నకేశవులుకు కూడా నవ్వొచ్చింది.

వెడల్పాటి రోడ్లున్న ఒక ఫ్యాక్టరీ కాలనీ వాళ్లు బండిని ఇరవై మూడు లక్షలకు పాడుకున్నారు. ముప్పై ఆరు మందికి నాలుగు నెలల జీతం పోగా లక్షా నలభై వేలు మిగిలింది. దాన్ని బ్యాంకు అప్పులో జమ చేశారు. ఎనిమిది కోట్ల ముందు అదెంత? కానీ ఆ అప్పు తగ్గడం అదే మొదటిసారి. నెల నెలా బండి తినే అరవై వేలు కూడా ఇకమీదట అటే పోయేటట్టు రాశారు. గుమాస్తా ఆ కాగితాన్ని రెండుసార్లు చూసుకున్నాడు.

జీతాలు పంచిన సోమవారం ఓబుళమ్మ డబ్బు లెక్క చూసుకుని కొంగున ముడి వేసుకుంది.

"సరిపోయింది సారూ. మొదట అంగడికి పోయి బియ్యం బాకీ కట్టేసి వస్తాం. ఆ సందు మాపటికి ఊడుస్తాం."

చెన్నకేశవులు తల ఊపాడు. చాలా రోజుల తర్వాత ఆకలి వేస్తోందని ఆయనకు తెలిసింది.

అప్పుడే బయట పెద్దగా నవ్వు వినిపించింది. తెలిసిన గొంతు. కిటికీ లోంచి చూస్తే బోర్డు ముందు నాగలింగాచారి నిలబడి ఉన్నాడు. ఆయన ఎప్పుడూ ఆఫీసు గడప తొక్కలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని, వేలం అయిపోయినా ఎవరూ తీయని ప్రకటన మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. చదివి, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. పక్కనున్న వాళ్లు ఆయన్ను చూసి నవ్వుతున్నారు.

చెన్నకేశవులు పరుగున వెళ్లి కాళ్లకు మొక్కాడు.

"మీరు కూడా నవ్వుతాండారా స్వామీ?"

గురువు కళ్లు తుడుచుకున్నాడు. కొట్టం పన్ను కాగితం జేబులోంచి తీసి, మడత విప్పుతూ అన్నాడు.

"నన్నేంటికి చూస్తావు? చదివి నవ్వినోళ్లు యాడికి పోతాండారో చూడు."

చెన్నకేశవులు తల తిప్పి చూశాడు. ఎప్పుడూ ఈగలు తోలుకునే ఇంటి పన్ను కిటికీ ముందు పదిహేడు మంది వరసలో నిలబడి ఉన్నారు. లోపల క్యాషియరు ఇంకో రసీదు పుస్తకం తెమ్మని కేకేస్తున్నాడు. గురువు వెళ్లి పద్దెనిమిదో వాడుగా నిలబడ్డాడు.